పరదేశములో శని, ఆదివారములు



పరదేశములో ఉన్న మన పిల్లలను గురించి ఊళ్ళలో రెండు రకముల మాటలు వినబడుతుంటాయి. "వాళ్ళకేమిటి, యూరోలు, డాలర్లు" అనేది ఒకటి. "పాపం, ఏం తింటున్నారో ఏమో" అనేది రెండవది. ఒక్కొక్కప్పుడు ఈ రెండు మాటలూ ఒకే నోట, ఒకే పూట వస్తాయి. ఈ నెల మేము వ్రాయదలచినది వారి ఉద్యోగములను గురించి కాదు, జీతములను గురించి అంతకంటే కాదు. వారి సెలవు దినములను గురించి. ఎండకాలములో శని, ఆదివారములు వస్తే అక్కడ భార్యాభర్తలిద్దరు ఎక్కడికి వెళ్తారు, ఏమి చేస్తారు, దానికి ఎంత ఖర్చవుతుంది అనే సంగతులు. ఇవి చిన్న సంగతులే. కాని ఫోనులో మనకు కనబడేవి ఆ రెండు రోజులే గనుక, వాటిని బట్టే తల్లిదండ్రులు సంతోషిస్తున్నారు, వాటిని బట్టే నొచ్చుకుంటున్నారు కూడా.

మాకు బాగా తెలిసిన ఒక జంట జర్మనీ దేశములో లైప్‌జిగ్ అనే పట్టణములో కాపురముంటున్నారు. అమ్మాయిది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. నర్సింగు చదివి, జర్మను భాష నేర్చుకొని, అక్కడ ఒక వృద్ధుల గృహములో నర్సుగా పని చేస్తున్నది. అబ్బాయిది కొత్తగూడెం, సింగరేణి కార్మికుని కుమారుడు. అతనికి సరుకుల గిడ్డంగిలో ఉద్యోగము. వారి వివాహము జరిపించినది మేమే. వారానికో పదిదినములకో ఫోను చేసి మా ఇద్దరితోను మాట్లాడుతారు. ఇక్కడ వ్రాసేవన్నీ వారి అనుమతితో, పేర్లు లేకుండా వ్రాస్తున్నాము.

జర్మనీ అంటే మన పెద్దలకు బొత్తిగా తెలియని దేశమేమీ కాదు. 1842లో గుంటూరుకు వచ్చిన హయ్యర్ అయ్యగారు అమెరికా నుండి వచ్చినా, ఆయన పుట్టిన ఊరు హెల్మ్‌స్టెట్ జర్మనీలోనిదే. లైప్‌జిగ్ ఆ దేశపు తూర్పు భాగములో ఉన్నది. 1990 వరకు తూర్పు జర్మనీ అని వేరే దేశముగా ఉండేదే, ఆ భాగము.

అక్కడి ఎండకాలమును గురించి చెప్పాలంటే ముందు చలికాలము చెప్పాలి. లేకపోతే సంగతి అర్థము కాదు. డిసెంబరులో అక్కడ ఉదయము 8 గంటలు దాటితేగాని సూర్యుడు రాడు. సాయంత్రము 4 గంటలకే వెళ్ళిపోతాడు. ఉదయపు డ్యూటీ ఉన్న నర్సు చీకటిలో ఇల్లు విడిచి, మధ్యాహ్నము పని ముగించుకొని బయటికి వచ్చేసరికి పొద్దు వాలిపోతూ ఉంటుంది. ఆ కాస్త వెలుతురు కూడా మబ్బు వెనుకనే. మన పల్లెలో పుట్టి పెరిగిన పిల్లకు చలి కంటె ఈ చీకటే ఎక్కువ బాధ. చలికి కోటు ఉన్నది. చీకటికి ఏమి తొడుక్కుంటాము?

మొదటి చలికాలములో ఆ అమ్మాయి చాలా కృంగిపోయింది. సెలవు రోజున మంచము దిగేది కాదు. అన్నము వండుకొని గిన్నె మూత పెట్టి అలాగే వదిలేసేది. తల్లికి మాత్రము ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" అని చెప్పేది. చెప్పేటప్పుడు ఫోను కెమెరా ఆపేసేది. "అయ్యగారూ, ఈమె నవ్వి రెండు నెలలయింది" అని అల్లుడు ఒక రాత్రి మాతో అన్నాడు. వారు డాక్టరు దగ్గరకు కూడా వెళ్ళారు, అది మంచి పని చేశారు. చీకటి దేశములలో ఇది చాలామందికి వచ్చేదేననీ, వెలుతురు ఉన్నంతసేపు బయట తిరగాలనీ డాక్టరు చెప్పారట. చదువరులారా, మీ పిల్లలు అటువంటి దేశములలో ఉంటే, నవంబరు మొదలుకొని ఫిబ్రవరి వరకు "డబ్బు పంపావా" అనే ముందు "ఎండ కనబడిందా" అని అడగండి.

మార్చి నెల ఆఖరి ఆదివారమున ఆ దేశములో గడియారములన్నీ ఒక గంట ముందుకు తిప్పుతారు. అక్టోబరు ఆఖరి ఆదివారమున మరల వెనుకకు తిప్పుతారు. అందువలన మనకూ వారికీ చలికాలములో నాలుగున్నర గంటలు, ఎండకాలములో మూడున్నర గంటలు తేడా. జూను వచ్చేసరికి ఉదయము 5 గంటలకే తెల్లవారుతుంది. రాత్రి 9 దాటి అరగంట కావస్తున్నా సూర్యుడు పూర్తిగా పోడు. ఆరు నెలలు చీకటిలో దాచుకున్నదంతా ఒక్కసారి ఇచ్చేసినట్లు ఉంటుంది. ఆ దేశస్థులు కూడా ఎండ కాస్తే ఇంట్లో ఉండరు. మనము ఎండ తగలకుండా గొడుగు వేసుకుంటాము, వారు ఎండలో దుప్పటి పరుచుకొని పడుకుంటారు. చాలా ఇళ్ళకు ఏసీలు, ఫ్యానులు ఉండవు గనుక 35 డిగ్రీలు దాటితే మాత్రము అల్లాడిపోతారు. 2019 జూలై 25న ఆ దేశములో 41.2 డిగ్రీలు వచ్చింది, అది వారికి ఇప్పటికీ చెప్పుకొనే వార్త. మా కొత్తగూడెం అల్లుడు ఈ మాట చెప్పి పడిపడి నవ్వాడు.

ఆదివారమును గురించి ఒక మాట చెప్పాలి. జర్మనీలో ఆదివారము దుకాణములు మూసివేస్తారు. రొట్టెల కొట్లు కొద్ది గంటలు తెరుస్తారు, రైల్వే స్టేషనులలో కొన్ని ఉంటాయి, అంతే. ఇది ఆచారము మాత్రమే కాదు, రాజ్యాంగములో ఉన్న సంగతి. 1919 నాటి రాజ్యాంగములో ఆదివారమును పని మాని విశ్రాంతిగా ఉండే దినముగా కాపాడాలని వ్రాసుకున్నారు. ఇప్పటి రాజ్యాంగములో కూడా ఆ నిబంధన అలాగే నిలుపుకున్నారు. బెర్లిను ప్రభుత్వము క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు ఆదివారములు వరుసగా దుకాణములు తెరువనిస్తే, అక్కడి సంఘములు కోర్టుకు వెళ్ళాయి. 2009 డిసెంబరు 1న ఆ దేశపు అత్యున్నత రాజ్యాంగ న్యాయస్థానము అది చెల్లదని తీర్పు చెప్పింది. దేవుని మందిరమునకు వెళ్ళేవారు అక్కడ బాగా తగ్గిపోయిన మాట నిజమే. కాని విశ్రాంతిని మాత్రము విడిచిపెట్టలేదు. ఇక్కడ మనము మందిరమునకు వెళ్ళి వస్తూ వస్తూ సంచి నిండా కూరగాయలు బేరమాడి తెచ్చుకొనే వాళ్ళము, ఆ సంగతి అలా ఉంచుదాము.

ఆదివారము ఇళ్ళ మధ్య గడ్డి కోసే యంత్రము నడపకూడదు, గోడకు మేకు కొట్టడానికి డ్రిల్లు పెట్టకూడదు. మన అమ్మాయి భయపడి ఇడ్లీ పిండి శనివారమే మిక్సీలో వేసుకుంటుంది. మిక్సీ చప్పుడు గోడ అవతలి ముసలాయనకు వినబడుతుందని.

అయితే ఆసుపత్రులు, వృద్ధుల గృహములు ఆదివారము మూసివేయరు గదా. నర్సులకు వంతులు ఉంటాయి. ఎవరికైనా సంవత్సరములో కనీసము 15 ఆదివారములు ఖాళీగా ఇవ్వాలని అక్కడి చట్టము. మన అమ్మాయికి నెలకు రెండు వారాంతములు సెలవు దొరుకుతాయి. అంటే ఎండకాలము మొత్తము మీద, మే నుండి సెప్టెంబరు వరకు లెక్క వేసుకున్నా, భార్యాభర్తలిద్దరికి కలిసివచ్చే శని, ఆదివారములు పదికి మించవు. ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఆ పదింటిలో వారు ఎక్కువగా వెళ్ళేది ఒక చెరువుకు. చెరువు అంటే చిన్నది కాదు, నాలుగు చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న సరస్సు. పేరు కోస్పూడెన్ సరస్సు. ఊరికి దక్షిణముగా సైకిలు మీద వెళ్ళేంత దూరము. దాని కథ తెలిసినప్పటి నుండి మా అల్లుడికి అక్కడికి వెళ్ళకపోతే తోచదు. అది దేవుడు చేసిన చెరువు కాదు, బొగ్గు గని. పైనుండి తవ్వుకుంటూ పోయే గని, సింగరేణిలో ఓపెన్‌కాస్టు అంటాము చూడండి, అదే. ఆ చుట్టుప్రక్కల అనేక ఊళ్ళు బొగ్గు కోసము లేపేశారు. కోస్పూడెన్ అనే ఊరు కూడా అలాగే పోయింది. 1990లో రెండు జర్మనీలు ఒకటైన తరువాత తవ్వకము ఆపివేసి, గోతిని నీటితో నింపారు. 2000 సంవత్సరములో ప్రజలకు తెరిచారు. ఇప్పుడక్కడ ఇసుక ఒడ్డు, చెట్లు, పడవలు, ఈత కొట్టే పిల్లలు. పోయిన ఊరి పేరు సరస్సుకు మిగిలింది.

"మా దగ్గర కూడా గనుల కోసము ఊళ్ళు ఖాళీ చేయించారు అయ్యగారూ. తవ్విన మట్టి గుట్టలు అలాగే ఉన్నాయి. వీళ్ళు గోతిలో నీళ్ళు నింపి పిల్లలకు ఇచ్చారు" అన్నాడతడు. తండ్రి బొగ్గు తవ్వి చదివించిన కొడుకు, బొగ్గు గోతిలో నిండిన నీటి ఒడ్డున కూర్చొని అన్న మాట అది. మేము చాలాసేపు దానిని గురించి మాట్లాడుకున్నాము. ఆ ఒడ్డున ఒక భాగములో బట్టలు లేకుండా స్నానము చేసేవారికి వేరే స్థలము కేటాయించి బోర్డు పెట్టారట. అదొక దేశాచారము. మొదటిసారి తెలియక అటు వెళ్ళబోయి బోర్డు చదివి సైకిళ్ళు తిప్పుకున్నామని చెప్పి అమ్మాయి నవ్వింది. భాష నేర్చుకున్నందుకు వచ్చిన మొదటి ప్రయోజనము అదేనట.

గొడవ ఆ చెరువు దగ్గరే మొదలైంది. ఒడ్డున కూర్చొని చెరొక ఐసుక్రీము చేతిలో పట్టుకొని తీసుకున్న ఫొటో ఒకటి ఆమె ఫోనులో పెట్టింది. ఊళ్ళో అది చేతులు మారింది. తల్లి ఆ వారము మా ఇంటికి వచ్చింది.

"అయ్యగారూ, పొలం కాగితాలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయండి. మీ అన్నయ్యగారికి మోకాళ్ళు వంగడం లేదు. అదేమో చెరువుగట్టున ఐసుక్రీములు తింటా ఫొటోలు పెడతంది. ఊళ్ళో వాళ్ళు నాకే తెచ్చి చూపిస్తన్నారండి" అన్నది.

ఆమెను మేము తప్పుపట్టము. భాష నేర్చుకోవడానికి విజయవాడలో ఉన్న నెలలకూ, ప్రయాణమునకూ కలిపి ఆ కుటుంబము చేసిన అప్పు చిన్నది కాదు. కాగితములు ఇచ్చినవాడు ఆ ప్రక్క వీధిలోనే ఉన్నాడు, రోజూ కనబడతాడు. కూతురు ఎక్కడో ఉన్నది, ఫోనులో కనబడుతుంది. ఎదుట కనబడేది అప్పు, ఫోనులో కనబడేది నవ్వు. ఏ తల్లికైనా మనసు కష్టపడుతుంది.

ఐతే మా ఇంట్లో అమ్మగారు ఆమెను కూర్చోబెట్టి కాగితము మీద లెక్క వేసింది. ఆ ఐసుక్రీము రెండు యూరోలు అటూ ఇటూ. మన లెక్కలో రెండు వందలు. "రెండొందలా!" అని ఆమె గుండె మీద చేయి వేసుకున్నది. ఔను, కాని ఆ దేశములో 2026 జనవరి నుండి చట్టము ప్రకారము ఎంత చిన్న పనికైనా గంటకు కనీస కూలి 13 యూరోల 90 సెంట్లు. నర్సుకు అంతకంటె ఎక్కువే. అంటే అది పది నిమిషముల కూలి కూడా కాదు. సైకిళ్ళు పాతవి కొన్నారు. చెరువు ఒడ్డున కూర్చోవడానికి రూపాయి కట్టనక్కరలేదు. ఇంటి నుండి పులిహోర, నీళ్ళ సీసాలు తీసుకువెళ్తారు. అక్కడ సీసాలు, డబ్బాలు కొన్నప్పుడు చాలా వాటికి 25 సెంట్లు అదనముగా తీసుకొని, ఖాళీది తిరిగి ఇస్తే ఆ డబ్బు ఇచ్చేస్తారు. మన అల్లుడు ఎవరో ఒడ్డున విడిచిపెట్టిన సీసాలు కూడా ఏరుకొని వస్తాడు. "నాలుగు సీసాలైతే ఒక యూరో అత్తయ్యా" అని తరువాత ఆమెకు అతడే చెప్పాడు. ఆ మాట ఆమెకు నచ్చింది.

లెక్క సరే. కాని ఆ తల్లికి కావలసినది లెక్క కాదు. ఆ నవ్వు ఎక్కడి నుండి వచ్చిందో ఆమెకు తెలియదు. చలికాలపు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. దానిని చెప్పడము మా పని కాదని, బిడ్డే చెప్పాలని మేము తలంచాము. ఈలోగా అమ్మాయికి ఊరి మాటలు తెలిసిపోయాయి. ఫొటోలు పెట్టడము మానివేసింది. తరువాత ఫోను చేయడము కూడా తగ్గించింది. ఎండకాలము మధ్యలో, అంత వెలుతురులో, ఆ ఇంటికి మరల చీకటి వచ్చేటట్లున్నదని అల్లుడు భయపడ్డాడు. అప్పుడు మేము ఆమెతో ఒకటే చెప్పాము: సంతోషమును దాచిపెడితే దుఃఖము కూడా దాచవలసి వస్తుంది, అమ్మతో రెండూ మాట్లాడు.

ఆ శనివారము రాత్రి ఆమె తల్లితో మాట్లాడింది. ఏమి మాట్లాడుకున్నారో మేము అడుగలేదు. తల్లి మరునాడు ఆరాధన అయిన తరువాత మా ఇంటి అరుగు మీద కూర్చొని, "రెండు నెలలు మంచం దిగలేదంటండి. నాతో ఒక్క మాటన్నా అనలేదండి" అన్నది. చాలాసేపు కొంగు ముఖము మీద నుండి తీయలేదు. "మళ్ళీ ఫొటోలు పెట్టమని చెప్పండమ్మగారూ. ఎవడన్నా అడిగితే నేను చెప్తాను" అని లేచి వెళ్ళిపోయింది.

ఇటువంటిది మన ఊళ్ళకు కొత్త కాదు. మన జిల్లాలలో మిషనెరీ దొరగార్లు, దొరసానులు ఉన్న దినములలో, ఏప్రిలు, మే నెలలు వస్తే వారు కొండలకు వెళ్ళిపోయేవారు. కొడైకెనాలులో 1845లో మొదట ఇళ్ళు కట్టుకున్నవారు మధుర నుండి వెళ్ళిన అమెరికా మిషనెరీలే. మైదానములో జ్వరములకు అనేకులు చనిపోతుంటే ప్రాణము కాపాడుకోవడానికి కొండ ఎక్కారు. 1901లో అక్కడ వారి పిల్లలకు బడి కూడా పెట్టుకున్నారు. "మనము ఎండలో మాడుతుంటే దొరలు చల్లగా తిరిగి వస్తున్నారు" అనుకున్నవారు అప్పుడూ ఉండి ఉంటారు. కాని ఆ రెండు నెలలు వారికి లేకపోతే మిగిలిన పది నెలలు మన మధ్య నిలువగలిగేవారు కారు. పరాయి దేశములో ఉన్న భార్యాభర్తలకు కొడైకెనాలు ఏదో ఒకటి ఉండాలి. వీరికి అది సైకిలు దూరములో ఉన్నది, అంతే తేడా.

వారి మిగిలిన సంతోషములు కూడా కొన్ని చెబుతాము, తల్లిదండ్రులు తెలుసుకొని ఉంటే మంచిది.

జూనులో స్ట్రాబెరీ పండ్ల చేలు. రైతు తన చేను తెరిచి ఉంచుతాడు. మనమే వెళ్ళి కోసుకొని, తూకము వేయించి డబ్బు కట్టాలి. కోసేటప్పుడు తిన్నదానికి లెక్క లేదు. మా అమ్మాయి చేలోకి దిగి వంగి కోయడము చూసి అక్కడి రైతు "నీకు ఈ పని కొత్త కాదు" అన్నాడట. వరి నాట్లు వేసిన చేతులు గదా.

రైలు. 2022 జూను, జూలై, ఆగస్టు నెలలలో ఆ ప్రభుత్వము నెలకు 9 యూరోలకే దేశమంతట ప్యాసింజరు రైళ్ళలో తిరుగనిచ్చింది. అది మూడు నెలల ముచ్చటే. 2023 మే నుండి 49 యూరోల నెల టికెట్టు వచ్చింది. 2025లో అది 58, 2026 జనవరి నుండి 63 అయింది. పనికి వెళ్ళడానికి ఎలాగూ కొనవలసిన టికెట్టే గనుక సెలవు రోజున వేరే ఖర్చు లేదు. దానితోనే వారు విట్టెన్‌బర్గు వెళ్ళి వచ్చారు. మార్టిన్ లూథరు 1517లో తన వాదములు ప్రకటించిన ఊరు అదే. మందిరపు పాత కొయ్య తలుపు యుద్ధములో కాలిపోయింది, ఇప్పుడున్న కంచు తలుపు 1858లో పెట్టినది. మా అల్లుడు తలుపు దగ్గర ఫొటో తీసుకున్నాడు. అమ్మాయికి మాత్రము లూథరు ఇల్లు ఎక్కువ నచ్చింది. 1525లో ఆయనను పెండ్లి చేసుకున్న కేథరీన్ ఆ ఇంటిని నడిపిన తీరు, తోట వేసి, పందులను పెంచి, వచ్చే పోయే వారికందరికి వండి పెట్టిన సంగతులు విని, "ఈమె మా నాయనమ్మ లాంటిదే" అన్నదట. ఈ మాట బోధకుల భార్యలకు ఇంకా బాగా అర్థమవుతుంది.

శనివారము మధ్యాహ్నము 3 గంటలకు లైప్‌జిగ్‌లో సెయింట్ థామస్ మందిరములో సంగీత ప్రార్థన ఉంటుంది. బాహ్ అనే గొప్ప సంగీతకారుడు 1723 నుండి 1750లో చనిపోయేవరకు అక్కడే గాయక బృందమునకు పెద్దగా ఉన్నాడు, సమాధి కూడా ఆ మందిరములోనే. ఆ బాలుర గాయక బృందము 1212 నుండి ఉన్నది. కొద్ది యూరోలకు కార్యక్రమ పత్రము కొనుక్కుంటే అదే టికెట్టు. భాష సగమే అర్థమైనా కూర్చొని వస్తారు. ఎండకాలపు సెలవులలో ఆ బాలురకు సెలవు, వేరే ఊళ్ళ గాయకులు వచ్చి పాడుతారు.

వీటన్నిటికంటె పెద్ద సంతోషము తోట. ఆ దేశములో పట్టణవాసులకు ఊరి అంచున చిన్న చిన్న తోటలు కౌలుకు ఇస్తారు. చట్టము ప్రకారము ఒక్కొక్కటి 400 చదరపు మీటర్లు మించకూడదు, అంటే మన పది సెంట్లు. అందులో చిన్న గుడిసె వేసుకోవచ్చు, 24 చదరపు మీటర్లకు లోపు. అందులో కాపురముండకూడదు. తోటలో మూడవ వంతైనా కూరగాయలు, పండ్లు పండించాలి, ఊరికే గడ్డి వేసి కుర్చీ వేసుకు కూర్చుంటే ఒప్పుకోరు. ఈ తోటలకు పుట్టినిల్లు లైప్‌జిగే. ష్రేబర్ అనే డాక్టరు పిల్లలు బయట ఆడుకోవాలని బోధించేవాడు. ఆయన చనిపోయిన తరువాత, 1864లో ఒక బడి పెద్ద ఆయన పేరున సంఘము పెట్టి ఆటస్థలము చేశాడు. దాని అంచున పిల్లలకు మొక్కలు వేయిస్తే, పిల్లలు మరచిపోయినచోట తల్లిదండ్రులు నీళ్ళు పోయడము మొదలుపెట్టారు. అలా తోటలైనవి. ఇప్పటికీ ఆ దేశములో వాటిని ష్రేబర్ తోటలని అంటారు.

వీరికి తోట దొరికినది వృద్ధుల గృహములో ఒక ముసలమ్మ మాట సహాయము వలన. ఆమె తూర్పు జర్మనీ దినములలో పెరిగిన మనిషి. అప్పుడు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. "మాకు విదేశము లేదు, మాకు తోటే విదేశము" అని మన అమ్మాయితో అన్నదట. తన తోట ప్రక్కనున్న స్థలము ఖాళీ అవుతున్నదని చెప్పి పెద్దలకు చెప్పించింది. ఎవరి ముసలితనమునకో అన్నము తినిపించి, స్నానము చేయించి, పడక మార్చి వస్తున్న పిల్ల అది. తన తల్లిదండ్రులకు ఆ సేవ చేయలేకపోతున్నాననే బాధ ఆమెకు లేకపోలేదు. శనివారము మట్టిలో చేతులు పెడితే ఆ బాధ కొంత తగ్గుతుందని చెప్పింది. ఎందుకు తగ్గుతుందో మేము అడుగలేదు.

మే నెల 15వ తేదీ దాటేవరకు అక్కడ లేత మొక్కలు బయట పెట్టరు, మంచు పడి మాడిపోతాయి. అందుకని ఏప్రిలులో కిటికీ దగ్గర డబ్బాలలో గోంగూర విత్తనము వేశారు. అక్కడే స్థిరపడిన మరొక తెలుగు కుటుంబము ఇచ్చిన విత్తనము. మెంతికూర, కొత్తిమీర, తోటకూర బాగా వస్తున్నాయి. బెండ మాత్రము అలుగుతున్నది, దానికి ఆ ఎండ చాలదు. తోటలో కూడా మధ్యాహ్నము నిశ్శబ్దముగా ఉండాలని నియమము. ప్రక్క తోట పెద్దాయన మూడు గంటలకు కేకు ముక్కలు, కాఫీ తెస్తాడు. వీరు గోంగూర పచ్చడి పెట్టారు. ఆయన ఒక ముద్ద తిని, కంట నీరు తుడుచుకొని, సీసాలో పెట్టి ఇంటికి ఇమ్మన్నాడట.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. పిల్లలు తోట వేశారని విత్తనములు, కరివేపాకు రెమ్మలు సంచిలో పెట్టి పంపకండి. 2019 డిసెంబరు నుండి ఐరోపా దేశములలోనికి మొక్కలు, విత్తనములు, పచ్చి కూరలు, చాలా రకముల పండ్లు ధ్రువపత్రము లేకుండా తీసుకువెళ్ళనివ్వరు. మాంసముతో చేసినవి, నెయ్యి, పాలకోవ వంటి పాల పదార్థములు కూడా కూడదు. విమానాశ్రయములో తీసి పారవేస్తారు. ఆవకాయ గట్టిగా మూత బిగించి పంపవచ్చు. మీరు నాలుగు రోజులు కాచిన నెయ్యి చెత్తబుట్టలో పడితే మీకూ బాధ, మీ బిడ్డకూ బాధ.

అప్పు సగము తీరింది. కాగితములు ఇంకా రాలేదు. ఈ సంవత్సరము చలికాలము రాకముందే తండ్రి మోకాళ్ళకు వైద్యము చేయించాలని ఇద్దరు కలిసి డబ్బు కూడబెడుతున్నారు. శనివారము సాయంత్రము అక్కడ 6 గంటలు, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఆ వేళకు తల్లి భోజనములు ముగించి, ఫోను చేతిలో పట్టుకొని అరుగు మీద కూర్చుంటుంది. అటువైపు ఇంకా పట్టపగలే. అల్లుడు ఫోను పట్టుకొని మడి మడికీ తిప్పి చూపిస్తాడు. మొన్న మేము కూడా ఆ అరుగు మీద ఉన్నాము. గోంగూర మొక్కలు మోకాలెత్తున పెరిగాయి, ఒక్కొక్కటి ఒంటి కాడగా నిలబడి ఉన్నాయి. తల్లి ఫోను కళ్ళ దగ్గరకు తెచ్చుకొని చూసి, "అలా వదిలేస్తే ఎలాగే, చివళ్ళు తుంచు. తుంచితేనే గదా పక్కలకి వేసేది" అని కేకలేసింది. కూతురు ఫోను ముందే వంగి ఒక్కొక్క చివరు తుంచి ఒడిలో వేసుకున్నది.